ఒకటి పక్కన పది ఎందుకొస్తుంది: నంబర్లున్న డేటా ఫైళ్లను వరస తప్పకుండా చదవడం

ఒక ఉష్ణోగ్రత లాగర్ (రీడింగులను తనంతట తానే నమోదు చేసే పరికరం) గంటకో ఫైలు చొప్పున ఐదు రోజులు రాసిందనుకోండి. ఫోల్డర్‌లో రీడింగ్_1.సీఎస్‌వీ మొదలుకొని రీడింగ్_120.సీఎస్‌వీ దాకా 120 ఫైళ్లున్నాయి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఆ పేర్లు తెచ్చి, మామూలుగా సార్ట్ చేసి (క్రమంలో పేర్చి), ఒకదాని కింద ఒకటి అతికిస్తే వచ్చే వరస ఇది: 1, 10, 100, 101, 102... 109, 11, 110, 111... రెండో నంబరు ఫైలు 33వ స్థానంలో వస్తుంది.

ప్రోగ్రామ్ ఎక్కడా ఎర్రర్ ఇవ్వదు. మొత్తం రికార్డుల లెక్క సరిపోతుంది, సగటు సరిపోతుంది, కనిష్ఠం, గరిష్ఠం కూడా సరిపోతాయి. గ్రాఫ్ గీస్తే మాత్రం మధ్యాహ్నపు ఎండ పక్కనే తెల్లవారుజాము చలి కనిపిస్తుంది. గ్రాఫ్ గీయకుండా నేరుగా మూవింగ్ యావరేజ్‌కో, మోడల్ ట్రైనింగ్‌కో పంపేస్తే అదీ కనిపించదు. అందుకే ఈ తప్పును మొదటి అడుగులోనే ఆపాలి.

పేర్లను పోల్చేటప్పుడు కంప్యూటర్ వాటిని నంబర్లుగా చూడదు. ఎడమ నుంచి ఒక్కో అక్షరాన్నీ దాని కోడ్ విలువతో పోలుస్తుంది. చుక్క విలువ 46, సున్నా విలువ 48, ఒకటి 49, రెండు 50, అండర్‌స్కోర్ 95. "10"నీ "2"నీ పోల్చినప్పుడు మొదటి అక్షరం దగ్గరే 49, 50 కంటే చిన్నదని తేలిపోతుంది. తర్వాత ఏముందో చూడాల్సిన పనే లేదు.

నంబరు తర్వాత ఏ గుర్తుందన్నదీ వరసను మారుస్తుంది. రీడింగ్_1.సీఎస్‌వీలో ఒకటి తర్వాత చుక్క ఉంది. అది సున్నా కంటే చిన్నది కాబట్టి ఒకటో ఫైలు పదో ఫైలు కంటే ముందు వస్తుంది. అదే ఫైళ్లకు రీడింగ్_1_ఉత్తరం.సీఎస్‌వీ అన్న పద్ధతిలో పేర్లు పెడితే, అండర్‌స్కోర్ అంకెలన్నిటికంటే పెద్దది కాబట్టి వరస 100తో మొదలవుతుంది. ఒకటో ఫైలు 32వ స్థానానికి పోతుంది. మొదటి ఫైలు సరిగ్గా ఉంది కదా అని మిగతా వరస కూడా సరిగ్గా ఉంటుందనుకోకూడదు. మొదటి ఫైలు సరిగ్గా రావడం కూడా ఆ చుక్క వల్లే.

సార్ట్ చేయని జాబితా ఇంకా ప్రమాదం

పైథాన్‌లో ఫోల్డర్‌లోని పేర్లన్నీ ఇచ్చే లిస్ట్‌డిర్, ఒక ప్యాటర్న్‌కు సరిపోయే పేర్లు ఇచ్చే గ్లోబ్ ఫంక్షన్లు ఏ వరసలో పేర్లు ఇస్తాయన్న హామీ లేదు. ఫైల్ సిస్టమ్ (డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతి) ఎలా ఇస్తే అలా వస్తాయి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పేర్లను అక్షర క్రమంలోనే దాచుకుంటుంది. లినక్స్‌లో ఎక్కువగా కనిపించే ఈఎక్స్‌టీ4 పేర్లను హ్యాష్ చేసి, అంటే అక్షర క్రమంతో సంబంధం లేని నంబర్లుగా మార్చి, దాచుకుంటుంది, అందుకే అక్కడ వరస చిందరవందరగా వస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో సరిగ్గా నడిచిన స్క్రిప్టు సర్వర్ మీద వేరే జవాబు ఇవ్వడానికి ఇదొక్కటే చాలు.

ఇది ఊహ కాదు. అణువుల నిర్మాణం తేల్చడానికి వాడే ఎన్‌ఎంఆర్ కెమికల్ షిఫ్ట్ విలువలను లెక్కగట్టే పైథాన్ స్క్రిప్టులు 2014లో నేచర్ ప్రోటోకాల్స్ జర్నల్‌లో వచ్చాయి. అవే స్క్రిప్టులు అదే డేటా మీద ఆపరేటింగ్ సిస్టమ్‌ను బట్టి వేర్వేరు జవాబులు ఇస్తున్నాయని హవాయి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ఆర్గానిక్ లెటర్స్‌లో బయటపెట్టారు. జంటలుగా చదవాల్సిన ఫైళ్లను గ్లోబ్ ఇచ్చిన వరసలోనే తీసుకోవడం దానికి కారణం. జాబితాను సార్ట్ చేయడమే దానికి మందు.

ఇంకో మోసం కంటికి సంబంధించినది. విండోస్ ఎక్స్‌పీ నుంచీ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పేర్లలోని అంకెలను నంబర్లుగానే చూసి 1, 2, 3... 10 అని చక్కగా చూపిస్తుంది. తెర మీద వరస బాగుందని ప్రోగ్రామ్‌కూ అదే అందుతుందనుకోవద్దు. ప్రోగ్రామ్‌కు ఏం అందుతోందో చూడాలంటే జాబితాలో మొదటి పన్నెండు పేర్లు ప్రింట్ చేసి చూడండి. పదికి తక్కువ చూస్తే కొన్నిసార్లు తప్పు పట్టుబడదు.

నంబర్లు ముందే తెలిస్తే జాబితానే అక్కర్లేదు

1 నుంచి 120 దాకా ఫైళ్లుండాలని తెలిసినప్పుడు ఫోల్డర్‌ను అడగడం ఎందుకు? రేంజ్‌లో 1 నుంచి లూప్ తిప్పి, ప్రతి నంబరుకూ పేరు మీరే కట్టి ఆ ఫైలు తెరవండి. పైథాన్ రేంజ్‌లో చివరి నంబరు కలవదు కాబట్టి 121 అని రాయాలి. ఇందులో ఇంకో లాభం ఉంది: 57వ ఫైలు లేకపోతే ప్రోగ్రామ్ అక్కడే ఫైలు దొరకలేదని ఆగిపోతుంది. ఆ ఎర్రర్‌ను ట్రై, ఎక్సెప్ట్‌తో మింగేయకండి. లేని ఫైలు గురించి ముందుగా తెలియడం మీకు మంచిదే.

కొన్ని ఫైళ్లే కావాలని గ్లోబ్ ప్యాటర్న్‌లో రీడింగ్_[1-20].సీఎస్‌వీ అని రాసేవాళ్లు చాలామంది. చదరపు బ్రాకెట్‌కు అర్థం ఒకే ఒక్క అక్షరం. అక్కడ ఉన్నది "ఒకటి నుంచి రెండు, లేదా సున్నా" అని. ఇరవై ఫైళ్లు వస్తాయనుకున్నచోట ఒకటి, రెండు మాత్రమే వస్తాయి.

నంబర్లు తెలియకపోతే పేరులోంచి నంబరు తీసి, దానితో సార్ట్ చేయడం

ఇక్కడే కాస్త నిలబడి చేయాలి. పాత్‌లిబ్ అనే పైథాన్ మాడ్యూల్‌తో ఫోల్డర్‌లోని ఫైళ్లు తెచ్చుకుని, ప్రతిదాని స్టెమ్ తీసుకోండి. స్టెమ్ అంటే ఫోల్డర్ పేరు, ఎక్స్‌టెన్షన్ రెండూ లేని పేరు. మొత్తం పాత్‌లో (ఫోల్డర్ల పేర్లతో సహా ఉన్న ఫైలు చిరునామాలో) అంకెలు వెతికితే, ఫోల్డర్ పేరులో ఉన్న 2024 దొరికి అన్ని ఫైళ్లకూ ఒకటే కీ (సార్ట్ పోల్చే విలువ) అవుతుంది. చివరి నంబరు తీద్దామని ఎక్స్‌టెన్షన్‌తో సహా వెతికితే, హెచ్5 ఫైళ్లన్నిటికీ నంబరు 5, ఎంపీ4 ఫైళ్లన్నిటికీ 4 వస్తుంది.

ఆ స్టెమ్‌ను రీడింగ్_([0-9]+) అన్న రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (పేరు ఏ రూపంలో ఉండాలో చెప్పే నమూనాతో) పూర్తిగా సరిపోల్చండి. పేరులో ఎక్కడో ఒక ముక్క సరిపోయినా ఒప్పుకునే సెర్చ్ కాకుండా, పేరు మొత్తం సరిపోవాలనే ఫుల్‌మ్యాచ్ వాడాలి. సెర్చ్ వాడితే రెండోసారి డౌన్‌లోడ్ చేసినప్పుడు పుట్టే "రీడింగ్_7 (1)" కూడా ఏడో ఫైలుగా లోపలికి వచ్చేస్తుంది, ఆ గంట రెండుసార్లు లెక్కలోకి పడుతుంది. ఫుల్‌మ్యాచ్‌కు సరిపోని పేర్లను పారేయకుండా విడిగా ఒక జాబితాలో పెట్టి ప్రింట్ చేయండి. మ్యాక్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసినప్పుడు వచ్చే చుక్క-అండర్‌స్కోర్ ఫైళ్లు, ఎక్సెల్ తెరిచి ఉన్నప్పుడు పుట్టే ~$ ఫైళ్లు ఎక్కువగా అందులో తేలతాయి. ఒక్కోసారి మీకు కావాల్సిన ఫైలే పేరు తప్పుగా ఉండి అక్కడ కనిపిస్తుంది.

దొరికిన అంకెలను ఇంట్‌గా (పూర్ణ సంఖ్యగా) మార్చడం మర్చిపోవద్దు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఇచ్చేది అంకెల స్ట్రింగే (అక్షరాల వరసే), నంబరు కాదు. దాన్ని అలాగే కీగా ఇస్తే మళ్లీ 1, 10, 100 మొదలవుతుంది. జావాస్క్రిప్ట్‌లో ఇంకా కష్టం: నంబర్లుగా మార్చిన తర్వాత కూడా సార్ట్‌కు పోల్చే ఫంక్షన్ ఇవ్వకపోతే అది వాటిని తిరిగి స్ట్రింగులు చేసి 1, 10, 2 అని పేరుస్తుంది.

అంకెలకు [0-9] అని రాయమనడానికి ఒక కారణముంది. పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో "ఏదైనా అంకె" అని రాసే బ్యాక్‌స్లాష్ డి తెలుగు అంకెలను కూడా పట్టుకుంటుంది. ఇంట్ ఫంక్షన్‌కు ౧౦ ఇస్తే 10 అనే చెబుతుంది. ఫైళ్లకు తెలుగు అంకెలతో పేర్లు పెట్టుకున్నవాళ్లకు ఇది వరమే, వాళ్లు బ్యాక్‌స్లాష్ డి వాడుకోవాలి. రెండు రకాల అంకెలూ కలిసిపోయిన ఫోల్డర్‌లో మాత్రం మామూలు సార్ట్ తెలుగు అంకెలన్నిటినీ చివరికి తోస్తుంది, ఎందుకంటే వాటి కోడ్ విలువలు 3174 నుంచి 3183 వరకు ఉంటాయి.

నంబరు తీయడానికి ఎల్‌స్ట్రిప్ వాడకండి. అది ముందున్న పదాన్ని తీసేయదు, ఇచ్చిన అక్షరాల్లో ఏది కనిపించినా తీసేస్తూ పోతుంది. పేరు "ఎస్2_23" అయి, ఎల్‌స్ట్రిప్‌కు "ఎస్2_" ఇస్తే మిగిలేది 23 కాదు, 3. "ఎస్2_22"లో అయితే ఏమీ మిగలదు. పైథాన్ 3.9 నుంచి ఉన్న రిమూవ్‌ప్రిఫిక్స్ ఆ పని సరిగ్గా చేస్తుంది.

పేరులో రెండు నంబర్లుంటే, ఉదాహరణకు రన్2_స్టెప్10, కీ ఒక టుపుల్ (వరసగా ఉంచిన విలువల జట్టు) కావాలి: (2, 10). పైథాన్ మొదట రన్‌ను పోల్చి, అవి సమానమైతే స్టెప్‌ను పోలుస్తుంది. అంకెలన్నీ కలిపి 210 అని ఒకే నంబరు చేస్తే రన్21_స్టెప్0 కూడా 210 అవుతుంది.

రెడీమేడ్‌గా కావాలంటే పైథాన్‌లో నాట్‌సార్ట్ లైబ్రరీ ఉంది. లినక్స్ టెర్మినల్‌లో సార్ట్ కమాండ్‌కు పెద్దబడి వి ఆప్షన్, ఎల్‌ఎస్‌కు చిన్నబడి వి ఆప్షన్ పని చేస్తాయి. పీహెచ్‌పీలో నాట్‌సార్ట్ భాషలోనే ఉంది. ఆర్‌లో జీటూల్స్ ప్యాకేజీలోని మిక్స్‌డ్‌సార్ట్, జావాస్క్రిప్ట్‌లో న్యూమరిక్ ఆప్షన్ ట్రూ చేసిన కొలేటర్ ఉన్నాయి. పేర్లలో చుక్కతో నంబర్లుంటే ఇక్కడ ఒక నిర్ణయం మీదే. 1.10 అన్నది వెర్షన్ అయితే 1.9 తర్వాత రావాలి, దశాంశం అయితే ముందు రావాలి. నాట్‌సార్ట్ మామూలుగా మొదటిదే చేస్తుంది, దశాంశాలకు రియల్ అనే ఆప్షన్ ఇవ్వాలి.

వరస కుదిరిందా, అన్నీ వచ్చాయా

సరైన వరసలో సార్ట్ చేసినంత మాత్రాన 57వ ఫైలు ఉందని కాదు. నంబరు కీగా, పాత్ విలువగా డిక్షనరీ కట్టండి. నంబరు ముందే ఉంటే ఆపేసి రెండు పేర్లూ చూపించండి. రీడింగ్_7, రీడింగ్_07 రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉంటే ఇక్కడ దొరికిపోతాయి. తర్వాత కనిష్ఠ నంబరు నుంచి గరిష్ఠ నంబరు దాకా సెట్ తయారుచేసి, అందులోంచి ఉన్నవాటిని తీసేయండి. మిగిలినవే లేని ఫైళ్లు. చివరి ఫైళ్లే లేకపోతే ఈ పరీక్షకు తెలియదు కాబట్టి ఎన్ని ఉండాలో విడిగా తెలిసి ఉండాలి.

బొమ్మలు ఒక ఫోల్డర్‌లో, వాటి లేబుళ్లు ఇంకో ఫోల్డర్‌లో ఉంటే, రెండు జాబితాలను విడివిడిగా సార్ట్ చేసి పైథాన్ జిప్ ఫంక్షన్‌తో వరసలో జత కట్టడం చాలా చోట్ల కనిపించే పద్ధతి. ఒక లేబుల్ లేకపోతే అక్కడి నుంచి ప్రతి బొమ్మకూ పక్క బొమ్మ లేబుల్ అంటుకుంటుంది. పైథాన్ 3.10లో వచ్చిన స్ట్రిక్ట్ ఆప్షన్ పొడవులు తేడా ఉంటే ఆపుతుంది. కానీ రెండు వైపులా ఒక్కొక్కటి, వేర్వేరు నంబర్లవి, లేకపోతే పొడవు సమానమే అవుతుంది. అందుకని జత కట్టాల్సింది స్థానంతో కాదు, నంబరుతో.

ఫైళ్లను సమాంతరంగా చదువుతుంటే సార్ట్ చేసిన వరస మళ్లీ చెదిరిపోవచ్చు. పైథాన్‌లో పనులను సమాంతరంగా నడిపే ఎగ్జిక్యూటర్‌లోని మ్యాప్ ఇచ్చిన వరసలోనే ఫలితాలు ఇస్తుంది. యాజ్ కంప్లీటెడ్, ఐమ్యాప్ అన్ఆర్డర్డ్ ఏది ముందు పూర్తయితే దాన్ని ముందు ఇస్తాయి. ఇవి వాడాల్సి వస్తే ఫలితంతో పాటు నంబరును కూడా వెనక్కి తెచ్చుకోండి.

మార్పు జరిగిన సమయంతో సార్ట్ చేద్దామనిపిస్తుంది. వద్దు. కాపీ చేసినా, జిప్ విప్పినా, గిట్‌లో క్లోన్ చేసినా ఆ సమయాలు మారిపోవచ్చు. ఫ్యాట్ ఫార్మాట్ మెమరీ కార్డులో మార్పు సమయం రెండేసి సెకన్ల మెట్టుతోనే నమోదవుతుంది, వెంటవెంటనే రాసిన ఫైళ్లకు ఒకే సమయం పడుతుంది.

పేరు పెట్టే చెయ్యి మీదే అయితే

సున్నాలు ముందు చేర్చి వెడల్పు సమానం చేయండి: 0001, 0002... 0120. అప్పుడు మామూలు సార్ట్ కూడా సరిగ్గానే పని చేస్తుంది. పైథాన్ ఎఫ్-స్ట్రింగ్‌లో నంబరు తర్వాత :04 అని రాస్తే చాలు. వెడల్పు ఇప్పటి అవసరానికి కాకుండా ఎదగబోయే అవసరానికి పెట్టండి. నాలుగంకెలు పెట్టి 9999 దాటితే ఆ ఫైలు 1000 పక్కకు పోయి కూర్చుంటుంది. భారీ డేటాను ప్రాసెస్ చేసే హడూప్, స్పార్క్ తమ అవుట్‌పుట్ ఫైళ్లకు పార్ట్-00000 అని ఐదంకెలు వాడేది ఇందుకే.

లినక్స్ టెర్మినల్‌లో వాడే బ్యాష్‌లో ఈ సున్నాలతో ఒక చిక్కు ఉంది. లెక్కల్లో సున్నాతో మొదలైన నంబరును అది అష్టాంశంగా (0 నుంచి 7 వరకే అంకెలున్న లెక్కగా) తీసుకుంటుంది. 08 దగ్గర ఎర్రర్ ఇస్తుంది, అది నయం. 010ని నోరు మెదపకుండా 8 అనుకుంటుంది. లెక్కలోకి తీసుకునే ముందు 10#010 అని రాస్తే పదిగానే ఉంటుంది.

తేదీలతో పేర్లు పెట్టేటప్పుడు మన అలవాటు రోజు-నెల-సంవత్సరం. 05-01-2024, 04-02-2024 అని ఉంటే ఫిబ్రవరి నాలుగు జనవరి ఐదు కంటే ముందుకొస్తుంది. ఫైలు పేరులో మాత్రం 2024-01-05 అని సంవత్సరం ముందు రాయండి. ఇప్పటికే తిరగేసి ఉన్న ఫైళ్లకు డేట్‌టైమ్‌తో తేదీగా మార్చి దాన్నే కీగా ఇవ్వండి.

పాత ఫైళ్ల పేర్లు మార్చేటప్పుడు ముందు పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన ప్రింట్ చేసి చూసుకోండి. లినక్స్‌లో రీనేమ్, అదే పేరుతో ఇంకో ఫైలు ఉంటే అడగకుండా దాని మీద రాసేస్తుంది. విండోస్‌లో ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. ఒక్కో నంబరు పెంచుతూ పేర్లు మారుస్తుంటే పై నంబరు నుంచి కిందికి రండి, లేదా ఫలితాలను ఖాళీ ఫోల్డర్‌లోకి పంపండి.

చివరగా, అతికించిన డేటాలో ఫైలు నంబరును ఒక కాలమ్‌గా ఉంచండి. సమయం కాలమ్ ఉంటే, పైథాన్ పట్టికల లైబ్రరీ పాండాస్‌లోని ఇజ్ మోనోటోనిక్ ఇంక్రీజింగ్‌తో అది ఎక్కడా తగ్గకుండా పోతోందా అని ఒక్క పంక్తిలో చూడవచ్చు. ఫాల్స్ వస్తే సమయం వెనక్కి పోయిన మొదటి చోటు వెతికి అక్కడి ఫైలు నంబరు చూడండి. 10 తర్వాత 100, 109 తర్వాత 11 కనిపిస్తే తప్పు సార్టింగ్‌లో ఉంది. నంబర్లు వరసగా ఉండి సమయమే వెనక్కి పోతే తప్పు లాగర్ గడియారంలో ఉంది, దాన్ని ఏ సార్టూ బాగుచేయదు.