శంషాబాద్ నుంచి దుబాయ్‌కి విమాన దూరం, ప్రయాణ సమయం లెక్కగట్టడం ఎలా?

ముందు ఏ ఎయిర్‌పోర్టో తేల్చుకోండి. టికెట్ మీద డీఎక్స్‌బీ అని ఉంటే ఊళ్లో ఉన్న దుబాయ్ ఎయిర్‌పోర్ట్. డీడబ్ల్యూసీ అంటే ఊరికి దూరంగా దక్షిణాన ఉన్న అల్ మక్తూమ్. ఎస్‌హెచ్‌జే అంటే షార్జా. గాల్లో తేడా తక్కువే గానీ, దిగాక గది చేరడానికి పట్టే టైమ్ చాలా మారిపోతుంది.

ఇక దూరం. శంషాబాద్ అక్షాంశం 17.23, రేఖాంశం 78.43. దుబాయ్‌వి 25.25, 55.36. రెండు అక్షాంశాల సైన్ విలువలను గుణిస్తే 0.126. వాటి కొసైన్ విలువలను, రేఖాంశాల తేడా 23.07 కొసైన్‌తో కలిపి మూడింటినీ గుణిస్తే 0.795. మొత్తం 0.921. ఇది ఏ కోణం కొసైనో చూస్తే దాదాపు 22.9 డిగ్రీలు. డిగ్రీకి 111.2 కి.మీ. చొప్పున 2,550 కి.మీ. దగ్గర తేలుతుంది, అంటే సుమారు 1,375 నాటికల్ మైళ్లు.

లెక్క తప్పేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి, క్యాలిక్యులేటర్ డిగ్రీల్లో కాకుండా రేడియన్లలో ఉండటం. రెండోది, 17 డిగ్రీల 14 నిమిషాలను 17.14 అని కొట్టడం. 14ను 60తో భాగించాలి, 17.23 వస్తుంది. ఈ ఒక్క పొరపాటుతో ఎయిర్‌పోర్ట్ పది కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది!

జెట్ విమానం వేగం గంటకు 840 కి.మీ. అనుకుంటే 3 గంటల 2 నిమిషాలు. రన్‌వే దాకా వెళ్లడం, పైకెక్కడం, దిగడం, గేటు చేరడం, వీటన్నిటికీ ఇంకో 35 నిమిషాలు వేసుకోండి. అసలు తేడా తెచ్చేది గాలి. చలికాలంలో పైన పడమటి గాలులు బలంగా వీస్తాయి. 80 కి.మీ. ఎదురుగాలి ఉంటే వెళ్లేటప్పుడు గాల్లోనే 3:21 పడుతుంది. అదే గాలి వెనక నుంచి తోస్తే తిరుగు ప్రయాణం 2:46లో అయిపోతుంది. వానాకాలంలో దక్షిణ భారతం మీద చాలా ఎత్తున తూర్పు గాలులు వీస్తాయి కాబట్టి ఈ తేడా తగ్గుతుంది. అందుకే జనవరి టైమింగ్ చూసి జులై ప్రయాణం అంచనా వేయకండి.

టికెట్ మీద ఉండేవి ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. ఉదయం 10:00కి బయల్దేరి 12:25కి దిగుతుందని రాసి ఉంటే ప్రయాణం 2:25 కాదు, గంటన్నర కలిపి 3:55. వచ్చేటప్పుడు అదే గంటన్నర తీసేయాలి. రాత్రి 10:00కి దుబాయ్‌లో ఎక్కి తెల్లవారి 3:00కి శంషాబాద్‌లో దిగితే ప్రయాణం మూడున్నర గంటలే, కానీ తేదీ మారిపోయింది. దిగే టైమ్ పక్కన ఉన్న +1 చూడకుండా జగిత్యాల నుంచో నిజామాబాద్ నుంచో కారు మాట్లాడితే, ఆ కారు ఒక రోజు ముందే వచ్చి నిలబడుతుంది.