చైనా పాత పద్యాలు అర్థం కావాలంటే ముందు ఎవరికి రాశాడో చూడండి

బెంగళూరులో మా మారతహళ్ళి రూమ్‌లో ఆదివారాలు నలుగురం కూర్చుని పాత చైనా పద్యాలు అనువాదాల్లో చదువుతున్నాం, మొదట్లో కొండ, చంద్రుడు, వాన, అంతే కదా అనిపించేది, చదివే పద్ధతి మార్చాక బాగా ఎక్కుతున్నాయి.

పద్యం కన్నా ముందు దాని పేరు చదవండి. ఎవరికి, ఏ సందర్భంలో అన్నది చాలాసార్లు అక్కడే ఉంటుంది. పాతకాలం కవి వాంగ్ వే రాసిన ఒక పద్యం పేరే 'సర్కారు పని మీద అన్‌షీ వెళ్తున్న యువాన్ ఎర్‌ని సాగనంపుతూ' అని, అన్‌షీ అంటే దూరంగా పడమటి సరిహద్దు ప్రాంతం. నాలుగే లైన్లు. పొద్దుటి వాన, సత్రం దగ్గర పచ్చటి విల్లో చెట్లు, చివర్లో ఇంకొక్క గిన్నె తాగి వెళ్ళు, సరిహద్దులో యాంగ్ కనుమ దాటాక నీకు పాత స్నేహితులెవరూ ఉండరు అంటాడు. విల్లోని చైనా భాషలో 'లియు' అంటారు, 'ఉండిపో' అనే మాటా దాదాపు అలాగే పలుకుతుంది, అందుకే వీడ్కోలప్పుడు ఆ కొమ్మ విరిచి ఇచ్చేవాళ్ళు. మడివాలలో రాత్రి బస్సెక్కినవాడికి కిటికీలోంచి వాటర్ బాటిల్ అందిస్తూ దిగగానే ఫోన్ చెయ్‌రా అంటాం కదా, ఆ పద్యం చేసిన పని కూడా అదే.

తర్వాత, దానికి జవాబు ఉందేమో వెతకండి. బై జుయీ, యువాన్ జెన్ అనే ఇద్దరు కవి మిత్రులు వేరే వేరే ఊళ్ళలో ఉద్యోగాలు చేస్తూ ఏళ్ళ తరబడి పద్యాలతోనే మాట్లాడుకున్నారు, ఒకరి ప్రాస పదాలే తీసుకుని ఇంకొకరు తిరిగి రాయడం, మన అవధానం చూసినవాళ్ళకి ఈ సరదా వెంటనే తెలుస్తుంది. వీళ్ళకన్నా చాలా ముందే, 353లో లాన్‌టింగ్ అనే చోటైతే కొందరు కవులు చేరి వాగులో మద్యం గిన్నెలు వదిలి కూర్చున్నారు, పద్యం చెప్పలేనివాళ్ళకి ఫైన్ కింద ఇంకా తాగించారు.

పైవాళ్ళ చెవిన పడాలని రాసిన పద్యాలైతే నెమ్మదిగా చదవండి, నాకు ఇవే ప్రాణం. కవిత్వం దేనికంటే మనసు కదలడానికి, లోకం తీరు చూడటానికి, నలుగురితో కలవడానికి, బాధ చెప్పుకోడానికి అన్నాడు కన్ఫ్యూషియస్. బై జుయీ పద్యంలో బొగ్గులమ్మే ముసలాయనకి ఒంటి మీద పల్చటి బట్ట, అయినా బొగ్గుకి రేటు రావాలని చలి ఇంకా పెరగాలనుకుంటాడు, తీరా అంతఃపురం మనుషులొచ్చి బండెడు బొగ్గు తోలుకుపోయి ఎద్దు తలకి కాస్త పట్టుగుడ్డ చుట్టి అదే ధర అంటారు. కవి ఎవర్నీ తిట్టడు, చూపించి ఆపేస్తాడు, దొరలకి తగలాల్సింది తగులుతుంది.

ఇక మీరూ ఒకటి రాయండి. మావాడొకడు వచ్చే నెల చెన్నై మారిపోతున్నాడు, పైన వాడి పేరు, బయల్దేరే తేదీ పెట్టి నాలుగు లైన్లు రాస్తున్నాం, వాడు అక్కడ దిగాక అదే ప్రాసలో జవాబు పంపాలి.