వెనామీ రొయ్యలో కాడ్మియం, సీసం కొలవడం: చెరువు గట్టు నుంచి ఐసీపీ-ఎంఎస్ దాకా

భీమవరం, నరసాపురం, అమలాపురం వైపు చెరువుల రొయ్యల్లో మనం వెతికే కాడ్మియం కిలోకు మిల్లీగ్రాములో చిన్న భిన్నం మాత్రమే. అంత తక్కువ మోతాదులో లెక్క ఎక్కువగా తప్పేది ఐసీపీ-ఎంఎస్ (లోహాలను వాటి పరమాణువుల ద్రవ్యరాశిని బట్టి కొలిచే యంత్రం) దగ్గరికి చేరకముందే. అందుకే గట్టు మీద పనికి ఎంత శ్రద్ధ పెట్టినా ఎక్కువ కాదు.

పట్టుబడి రోజున చెరువులో వేర్వేరు చోట్ల నుంచి కనీసం 20 రొయ్యలు తీయండి. జింకు పూత బకెట్ ముట్టుకోవద్దు, ప్లాస్టిక్‌దే వాడండి. బోరు నీళ్లలో ఇనుము ఉంటుంది కాబట్టి, బురద వదిలాక చివరి కడుగు ల్యాబు నుంచి తెచ్చిన శుద్ధజలంతోనే. పౌడరు లేని నైట్రైల్ గ్లోవ్స్ వేసుకోండి, పౌడరు గ్లోవ్స్ జింకు అంటిస్తాయి.

తల అక్కడికక్కడే తుంచేయాలి. తలలోని హెచ్‌పీలో, అంటే హెపటోపాంక్రియాస్‌లో, కాడ్మియం, రాగి పేరుకుంటాయి. తలతో సహా గడ్డకట్టిస్తే, కరిగేటప్పుడు హెచ్‌పీ చితికి దాని రసం తోక కండలోకి దిగుతుంది. ఇక ఆ శాంపిల్‌ను ఎవరూ బాగుచేయలేరు. పొట్టు, పేగు తీసి, కండను సిరామిక్ కత్తితో తరగండి. స్టీలు కత్తి నికెల్, క్రోమియం వదులుతుంది. మెత్తగా రుబ్బి, జిప్ కవర్లలో పెట్టి మైనస్ 20 డిగ్రీల్లో ఉంచండి.

గాజు సామాను పక్కన పెట్టేయండి. ప్లాస్టిక్, టెఫ్లాన్ పాత్రలను 10% నైట్రిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి, 18.2 మెగాఓమ్ నీటితో (ల్యాబులో వాడే అతిశుద్ధ జలం) మూడుసార్లు తొలపాలి.

కండను ఆమ్లంలో కరిగించడానికి ల్యాబు మైక్రోవేవ్ పాత్రలోకి 0.5 గ్రాముల కండ, 5 మి.లీ. అతిశుద్ధ నైట్రిక్ ఆమ్లం, 1 మి.లీ. 30% హైడ్రోజన్ పెరాక్సైడ్. నురగ అణిగేదాకా పావుగంట మూత బిగించకండి. తొందరపడితే లోపల పీడనం ఒక్కసారిగా పెరుగుతుంది. 20 నిమిషాల్లో 190 డిగ్రీలకు తీసుకెళ్లి, మరో 20 నిమిషాలు అక్కడే ఉంచండి. 50 డిగ్రీల కిందకి చల్లారాకే ఫ్యూమ్ హుడ్‌లో తెరవాలి, గోధుమరంగు పొగ విషం. 50 మి.లీ.కి నింపి, దాన్ని మళ్లీ అయిదు రెట్లు పలచన చేయండి. స్టాండర్డ్‌లలోనూ (యంత్రాన్ని సరిచూసే, మోతాదు తెలిసిన ద్రావణాలు) ఆమ్లం అదే మోతాదులో ఉండాలి. ప్రతి బ్యాచ్‌లో మూడు ఖాళీ పాత్రలు (కండ లేకుండా ఆమ్లం, పెరాక్సైడ్ మాత్రమే వేసినవి), ఒక ధ్రువీకృత ప్రమాణ పదార్థం (లోహాల మోతాదు ముందే తేల్చిన నమూనా) తప్పనిసరి. చేప ప్రొటీన్ ప్రమాణం డార్మ్ బాగా సరిపోతుంది.

కాడ్మియాన్ని 111 ద్రవ్యరాశి దగ్గర చదవండి, 114 దగ్గర తగరం అడ్డొస్తుంది. సీసానికి 206, 207, 208 మూడూ కలపాలి. ఆర్సెనిక్ కూడా చూస్తుంటే హీలియం మోడ్ (హీలియం వాయువుతో అడ్డొచ్చే సంకేతాలను వడగట్టే పద్ధతి) ఉండాల్సిందే: రొయ్య ఉప్పులోని క్లోరిన్ యంత్రంలోని ఆర్గాన్ వాయువుతో కలిసి ఆర్సెనిక్ ద్రవ్యరాశి 75 దగ్గర దొంగ సంకేతం ఇస్తుంది. పాదరసం గొట్టాలకు అంటుకుంటుంది, ద్రావణాల్లో కొంచెం బంగారం కలిపితే వదులుతుంది. అంతర్గత ప్రమాణాలుగా (యంత్రం రీడింగు జారితే సరిదిద్దడానికి అన్ని ద్రావణాల్లో సమంగా కలిపేవి) రోడియం, బిస్మత్ చాలు.

ఇక లెక్క. యంత్రం లీటరుకు 0.42 మైక్రోగ్రాములు, ఖాళీ పాత్ర 0.02 చూపితే మిగిలేది 0.40. దాన్ని 0.05 లీటర్లతో, 5తో గుణించి 0.5 గ్రాములతో భాగిస్తే గ్రాముకు 0.2 మైక్రోగ్రాములు, అంటే కిలోకు 0.2 మి.గ్రా. ఐరోపా సమాఖ్య పరిమితి రొయ్య కండలో కాడ్మియానికీ, సీసానికీ కిలోకు 0.50 మి.గ్రా., అదీ పచ్చి బరువు మీద. కండలో ముప్పాతిక వంతు నీరే. ఎండబెట్టి తూచిన అంకెను అలాగే ఆ పరిమితి పక్కన పెడితే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ కనబడి, మంచి సరుకు కూడా తప్పినట్టే తేలుతుంది. రిపోర్టులో ఏ బరువో రాయకుండా సంతకం పెట్టొద్దు.