శరత్కాలంలో సముద్రపు ఊళ్ళో నెల రోజులు ఉంటే

రద్దీ తగ్గాక చిన్న తీరపు ఊళ్ళో మకాం పెడుతున్నారా? దిగిన రోజే ఆటుపోట్ల పట్టిక సంపాదించండి. చాలా తీరాల్లో రోజుకు రెండు ఆట్లు, రెండు పోట్లు. ఆ వేళలు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. ఇవాళ ఉదయం 7కి హాయిగా నడిచిన ఇసుక మీద వారం తర్వాత అదే వేళకి నీళ్ళుంటాయి. రాళ్ళ వైపు వెళ్ళాలంటే పూర్తి ఆటుకి రెండు గంటల ముందు బయల్దేరండి, నీరు మళ్ళే వేళకి వెనుదిరగండి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు పోటు ఎక్కువ. పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల దగ్గర మరీను.

ఈతంటే ఇష్టమా? మొదటి వారాల్లోనే కానివ్వండి. సముద్రం నేలకన్నా నెమ్మదిగా చల్లబడుతుంది, కానీ చల్లబడుతుంది.

అలల తుంపర తగిలిన బట్టలు ఎంత ఆరేసినా చెమ్మగానే ఉంటాయి, ఉప్పు గాలిలో తేమను లాగుతుంది కదా. మంచినీళ్ళలో జాడిస్తేనే వదులుతుంది. సైకిల్ చైనూ, తాళాలూ వారానికోసారి మంచినీళ్ళ గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే నూనె వేయండి. తడి మీద వేస్తే లోపలే తుప్పు.

దుకాణాలు ఏ రోజుల్లో మూసేస్తారో, ఆఖరి బస్సు ఎన్నింటికో ముందే అడగండి. బోర్డు మీదవి చాలాసార్లు వేసవి వేళలే.