గుట్టల మీది నీటి గుంటల్లో మొక్కల సముదాయాలను సర్వే చేసి, ఏది ముందు కాపాడాలో తేల్చడం ఎలా?

హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ గుట్టల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఖాజాగూడలోనో మౌలాలిలోనో బండలెక్కిన వారికి, ఎండాకాలంలో ఖాళీ పళ్లెంలా పడి ఉండే గుంటలు నాలుగు వానలు పడగానే పచ్చబడటం తెలిసే ఉంటుంది. ఇవి చాలా చిన్న చిత్తడి నేలలు. చెరువు ఆక్రమణకు గురైతే ఎవరో ఒకరు అడుగుతారు కానీ, బండతో పాటు గుంట పోతే అక్కడ ఏమేం పెరిగేవో చెప్పే కాగితం ముక్క కూడా మిగలదు. ఆ కాగితాన్ని ముందే తయారు చేసి పెట్టుకునే పద్ధతి ఇది.

మొదట సమయం సంగతి. జూన్, జూలైల్లో వెళితే పచ్చదనం కనిపిస్తుంది గానీ పూలుండవు. పూలు, గింజలు లేకుండా తుంగ జాతులను ఒకదాని నుంచి మరొకదాన్ని వేరు చేయడం నిపుణులకే కష్టం. తొలి ఏడాది నేను జూలైలోనే అన్ని గుంటలూ తిరిగి రాసుకున్న జాబితాలో సగానికి పైగా పేర్ల పక్కన ప్రశ్నార్థకాలే మిగిలాయి. అందుకే ఆగస్టులో ఒకసారి, సెప్టెంబరు చివర లేదా అక్టోబరులో మరోసారి వెళ్లాలి. ఆ గుట్ట అటవీ శాఖ పరిధిలో ఉంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. వేరే చెరువులో దిగి వచ్చిన బూట్లను కడిగి ఆరబెట్టకుండా గుట్ట ఎక్కకూడదు, ఎందుకంటే మనమే కలుపు మొక్కల విత్తనాలను మోసుకెళ్లిన వాళ్లమవుతాం.

తరువాతి పని హద్దులు గీయడం. ఒక గుంటలో ఒకే సముదాయం ఉంటుందనుకోవడం పొరపాటు. ఒకే రకమైన నీటి లోతులో, ఒకే రకమైన మట్టిలో, మళ్లీ మళ్లీ కలిసి కనిపించే జాతుల గుంపునే సముదాయం అంటాం. నడుమ నీరు నిలిచే చోట ఒకటి, అంచున నాలుగు వేళ్ల మందం మట్టి ఉన్న చోట ఇంకొకటి, పైబండ నుంచి సన్నగా నీరు ఊరే చోట వేరొకటి ఉండవచ్చు. ఈ ఊట చోట్లను ప్రత్యేకంగా వెతకాలి. వాననీరు తప్ప మరే ఆధారమూ లేని ఇలాంటి పలుచని మట్టిలో నత్రజని బాగా తక్కువ. ఆ కొరతను పురుగులను పట్టి తీర్చుకునే డ్రోసెరా, యుట్రిక్యులేరియా వంటి మొక్కలకు అనువైన చోటు ఇదే. మురుగు గానీ సబ్బు నీళ్లు గానీ అక్కడికి చేరితే పోషకాలు పెరిగి, గడ్డి ఏపుగా ఎదిగి వీటిని కప్పేస్తుంది. శుభ్రమైన నీరు ఎందుకంత ముఖ్యమో ఈ ఒక్క సంగతి చాలు చెప్పడానికి.

ప్రతి సముదాయంలోనూ మీటరు పొడవు, మీటరు వెడల్పు గల చట్రాన్ని రెండు మూడు చోట్ల పరచి, లోపలున్న ప్రతి జాతీ ఎంత నేలను కప్పిందో అంచనా వేయాలి. ఇందుకు బ్రౌన్-బ్లాంకే కొలమానం అనుకూలం: 5 శాతం లోపు కప్పితే 1, 25 వరకు 2, 50 వరకు 3, 75 వరకు 4, ఆపైన 5. నీటి లోతు, ఇనుప చువ్వతో చూసిన మట్టి మందం, జీపీఎస్ స్థానం, నాలుగు దిక్కుల ఫొటోలు కూడా ఉండాలి. గుర్తుపట్టలేని మొక్క అక్కడ విరివిగా ఉంటేనే, అనుమతితోనే నమూనా తీయాలి. రెండో మూడో మొక్కలు మాత్రమే కనిపిస్తే ఫొటోతో ఆగిపోవాలి. పేరు తేల్చుకోవడానికి బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ ప్రాంతీయ కేంద్రం మన నగరంలోనే ఉంది.

ఇక అసలు పని, వరుస నిర్ణయించడం. అమెరికాలో రాకీ పర్వతాల చిత్తడి నేలలతో సహా అన్ని రకాల మొక్కల సముదాయాలకూ వాడే, నేచర్‌సర్వ్ అనే సంరక్షణ సంస్థ పద్ధతిని మన గుట్టలకు మలచుకోవచ్చు. అందులో 1 నుంచి 5 వరకు అంకెలుంటాయి, 1 అంటే అత్యంత ప్రమాదకర స్థితి. స్థూలంగా 5 లేదా అంతకంటే తక్కువ చోట్ల మాత్రమే మిగిలిన సముదాయానికి 1, 6 నుంచి 20 చోట్ల ఉన్నదానికి 2 వస్తాయి. ఇది సముదాయం ఎంత అరుదో చెబుతుంది. మనం చూసిన ఆ ఒక్క గుంట ఎంత బాగుందో చెప్పడానికి విస్తీర్ణం, ప్రస్తుత స్థితి, చుట్టుపక్కల నేల అనే మూడింటిని చూసి ఏ, బీ, సీ, డీ అక్షరాల్లో ఒకటి (ఏ అంటే చాలా బాగున్నట్టు) ఇస్తారు. ముప్పు ఎంత దగ్గరలో ఉందన్నది వేరే గడిలో రాసుకోవాలి: క్వారీ, చెత్త పారబోత, లేఅవుట్ రాళ్లు, వేసవి మంటలు. దీని కోసం ఏప్రిల్‌లో మరోసారి గుట్ట ఎక్కడం అవసరం.

అరుదుదనం, స్థితి, ముప్పు అనే ఈ మూడింటినీ కూడి ఒకే మార్కుగా మార్చవద్దని గట్టిగా కోరుతున్నాను. అలా కూడితే, చెక్కుచెదరని అరుదైన గుంటకూ, ఎక్కడైనా దొరికే గడ్డితో నిండి రేపో మాపో పూడ్చబోయే గుంటకూ ఒకే మార్కు రావచ్చు. ముందు అరుదుదనాన్ని బట్టి, తరువాత స్థితిని బట్టి వరుస పెట్టి, ముప్పును బట్టి ఎక్కడికి ముందు పరుగెత్తాలో తేల్చుకోవాలి. ఇలా చూసినప్పుడు మూడు మీటర్ల ఊట గుంట, గుర్రపు డెక్క నిండిన వంద ఎకరాల చెరువు కంటే పై వరుసలో నిలవవచ్చు. చెరువుకు నీటి నిల్వగా ఉన్న విలువ వేరు, ఇక్కడ మనం తూస్తున్నది మొక్కల సముదాయాన్ని. ప్రతి అంకె పక్కన అది ఎందుకిచ్చామో ఒక వాక్యం రాయకపోతే, మరుసటి ఏడాది మన లెక్క మనకే అర్థం కాదు.

పూర్తయిన జాబితాను స్థానిక జీవవైవిధ్య యాజమాన్య కమిటీకి ఇవ్వాలి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థల్లో ఏర్పడే ఈ కమిటీలే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును నిర్వహిస్తాయి. అరుదైన మొక్కలున్న చోట్ల జీపీఎస్ అంకెలను మాత్రం సోషల్ మీడియాలో పెట్టకూడదు. చట్రం పరచిన మూల ఎక్కడో ఫొటోలో స్పష్టంగా గుర్తు పెట్టుకుంటే, వచ్చే అక్టోబరులో సరిగ్గా అదే చోట దాన్ని మళ్లీ పరచవచ్చు.