పెరట్లో సల్కాటా – నాలుగో పాఠం: దడి దాటి వచ్చేవాళ్లు

కిందటి పాఠంలో చెప్పినట్టు మెరక వేసి, పైన ఇసుక పరిచి, ఓ మూల గూడు కట్టడం అయిపోయిందనే అనుకుంటాను. ఇక తాబేలుని దించేయడమే కదా అని తొందరపడకండి. ఆ ఆవరణని ఇంకో వారం ఖాళీగానే ఉంచండి. ఈ వారం పాఠం అంతా ఆ ఖాళీ ఆవరణ దగ్గరే.

కొత్తగా చేరినవాళ్లకి ఒక మాట మళ్లీ చెప్పాలి. ఈ పాఠాలు ఆఫ్రికా నుంచి వచ్చిన సల్కాటా జాతి తాబేలు కోసం, అదీ ఇలాంటి విదేశీ జంతువుల నమోదుకి వచ్చిన 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకున్నవాళ్ల కోసం. మన నక్షత్ర తాబేలునైనా, పంటకాలవలో వలకి తగిలే నీటి తాబేలునైనా ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. శ్రీకూర్మం గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లని చూసొచ్చి "మాకూ ఒకటి కావాలి" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్లకి చెప్పగలిగేది ఒకటే: అవి అక్కడ ఉండనివ్వండి.

ఇక విషయానికొద్దాం. సల్కాటా పుట్టిల్లు సహారా ఎడారి దక్షిణపు అంచు. ఎండ, పొడి నేల, గడ్డి దాని బతుకు. దాన్ని కోనసీమకి తెచ్చాం కాబట్టి చిత్తడిలో ఒక పొడి దిబ్బ కట్టి ఇచ్చాం. వానాకాలంలో చుట్టుపక్కల అంతా నీళ్లూరుతున్నప్పుడు ఆ దిబ్బ పందికొక్కుకీ కావాలి, పాముకీ కావాలి, చీమల పుట్టకీ కావాలి. మన డెల్టాలో తాబేలు కోసమే వచ్చే జంతువులు తక్కువ. దాని పొడి చోటు కోసం, అది తినగా మిగిలిన మేత కోసం వచ్చేవే ఎక్కువ. వచ్చాక తాబేలు ఎదురైతే దాన్నీ కొరికి చూస్తాయి. ఈ తేడా తెలిస్తే ఎక్కడ ఖర్చు పెట్టాలో, ఎక్కడ అక్కర్లేదో తెలిసిపోతుంది.

ముందుగా ఎవరొస్తున్నారో కనిపెట్టాలి. దీనికి కెమెరాలు అక్కర్లేదు, ముగ్గు చాలు. దీపాలు పెట్టే వేళకి ఆవరణ చుట్టూ బయటవైపు మూరెడు వెడల్పున, జల్లించిన ఇసుకలో రాతి ముగ్గు కలిపి పలచగా పరవండి. బియ్యప్పిండి వాడితే చీమల్ని పిలిచినట్టే. సున్నం వాడితే వచ్చినవాటి కాళ్లు కాలతాయి, రేపు తాబేలు కాళ్లూ కాలతాయి. తెల్లారి కాకులు దిగకముందే వెళ్లి చూడండి. నాలుగు వేళ్లు, ముందు గోళ్ల గుర్తులు ఉంటే కుక్క. నక్కదీ అలాగే ఉంటుంది, కాకపోతే కాస్త సన్నం, పొడుగు. నాలుగు వేళ్లుండి గోళ్లు పడకపోతే పిల్లి. చిన్న అడుగులో ఐదు వేళ్లూ గోళ్లూ కనిపిస్తే ముంగిస. పందికొక్కుకి ముందు కాళ్ల అడుగులో నాలుగు, వెనక కాళ్ల అడుగులో ఐదు వేళ్లు పడతాయి. అడుగుల మధ్య తోక ఈడ్చిన గీత వంకర్లు తిరుగుతూ పోతే ఉడుము. కప్పల గుర్తులు మాత్రం ప్రతి ఉదయం ఉంటాయి, వాటిని పట్టించుకోకండి. ఏ వైపు నుంచి వచ్చింది, ఎక్కడ ఆగింది, ఎక్కడ గీకింది అన్నవి నోట్‌బుక్‌లో బొమ్మ వేసుకోండి. వారం తిరిగేసరికి ఒకే మూల దగ్గర అడుగులు గుమిగూడడం కనిపిస్తుంది. సాధారణంగా అది ఎరువు గుంటకో, కోళ్ల గూటికో దగ్గరగా ఉన్న మూలే అవుతుంది.

ఇప్పుడు కంచె. తాటాకు దడి చూడ్డానికి బాగుంటుంది కానీ కుక్క ఒక రాత్రిలో దూరిపోతుంది. కోళ్లకి వాడే ఆరు మూలల సన్న జాలీ కూడా చాలదు, పంటికి తెగుతుంది. అరంగుళం కన్నున్న వెల్డ్ మెష్ (తీగల్ని వెల్డింగ్ చేసిన గట్టి జాలీ) తీసుకోండి. అంతకన్నా పెద్ద కన్ను అయితే ఎలుక పిల్లలు దూరతాయి. సముద్రం దగ్గరున్న ఊళ్లవాళ్లు, అంతర్వేది, ఓడలరేవు వైపు వాళ్లు, ప్లాస్టిక్ పూత ఉన్నదే కొనాలి. ఉప్పు గాలికి మామూలు జాలీ అడుగు నుంచి తుప్పు పట్టుకుంటూ వస్తుంది, పైకి బాగానే కనిపిస్తుంది.

విదేశీ పుస్తకాలు జాలీని లోతుగా పాతిపెట్టమంటాయి. మనకది కుదరదు. శ్రావణంలో రెండడుగులు తవ్వితే ఊట నీళ్లు కనిపించే నేలలో లోతుగా పాతిన జాలీ ఎన్నాళ్లు నిలుస్తుంది? దానికి బదులు జాలీ అడుగు భాగాన్ని బయటవైపుకి మడిచి, నేల మీద అడుగున్నర మేర పరిచి, పైన నాలుగంగుళాల మట్టి కప్పి గడ్డి నాటండి. తవ్వే జంతువు ఎప్పుడూ గోడ మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది. గోళ్లకి జాలీ తగులుతుంది, ఇంకోచోట ప్రయత్నిస్తుంది, అక్కడా తగులుతుంది. అడుగున్నర వెనక్కి వెళ్లి సొరంగం మొదలుపెట్టాలన్న ఆలోచన కుక్కకి రాదు. పందికొక్కుకి అప్పుడప్పుడు వస్తుంది, దాని సంగతి తర్వాత చెబుతాను. లోపలి నుంచి సల్కాటా కూడా తవ్వుతుందని మర్చిపోకండి. దాని స్వదేశంలో అది ఎండ తప్పించుకోవడానికి మీటర్ల పొడవు బొరియలు తవ్వుతుంది. కాబట్టి లోపలివైపు కూడా జానెడు మేర జాలీ మడిచి పాతండి.

జాలీ లోపల అడుగు ఎత్తున ఇటుక గోడో, సిమెంటు పలకలో నిలబెట్టండి. దీనితో రెండు లాభాలు. బయటకి కనిపిస్తుంటే సల్కాటా రోజంతా ఆ జాలీని తోస్తూ ముక్కు గీసుకుంటుంది. కనిపించకపోతే ఆ ప్రయత్నమే మానేస్తుంది. అలాగే కదిలే తాబేలు వీధి కుక్క కంట పడదు.

కుక్క గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే పెరటి తాబేళ్లకి పెద్ద గండం అదే. నక్క గురించి భయపడి గేటు తాళం కొంటారు, ఇంట్లో పెరిగిన కుక్కని మాత్రం తాబేలు పక్కనే వదిలేస్తారు. కుక్కకి తాబేలు డిప్ప అంటే నడిచే ఎముక. కోపం అక్కర్లేదు, ఆడుకుంటూనే నమిలేస్తుంది. డిప్ప అంటే చచ్చిన పెంకు కాదు, లోపల ఎముక, నరాలు, రక్తం ఉన్న శరీర భాగం. నమిలితే నొప్పి తెలుస్తుంది, రక్తం కారుతుంది. "మా కుక్క ఏమీ చెయ్యదండీ" అనే మాట విని తాబేలుని బయటకి వదలకండి. కుక్క కరిస్తే గాయాన్ని సెలైన్‌తో కడిగి, శుభ్రమైన గుడ్డ కప్పి, పొడిగా ఉంచి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. గాయం ఉన్న తాబేలుని నీళ్లలో నానబెట్టకూడదు. పసుపు అద్దడం, ఫెవిక్విక్‌తో పగులు అతికించడం వంటివి చెయ్యొద్దు. లోపల మలినం ఉండిపోయి చీము పడుతుంది. తాబేలుకి రేబిస్ రాదు, అది పాలిచ్చే జంతువుల జబ్బు. విడిపించబోయి మీరు కరిపించుకుంటే మాత్రం సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు టీకా వేయించుకోండి.

పిల్ల తాబేలు అయితే పైకప్పు తప్పనిసరి. అరచేయంత ఉన్నంత కాలం కాకి, గద్ద, జెముడుకాకి అన్నీ దానికి శత్రువులే. చెరువుల మీద పిట్టల కోసం కట్టే నైలాన్ వల చవగ్గా దొరుకుతుందని దాన్ని పరుస్తారు. వదులుగా వేలాడే వలలో జెర్రిపోతు చిక్కుకుని విలవిల్లాడుతుంది, తాబేలు కాలూ చిక్కుకుంటుంది. కట్టాల్సి వస్తే డప్పులా బిగించి కట్టండి, లేదంటే పైన కూడా వెల్డ్ మెష్ వేయండి. కొబ్బరి చెట్టు కిందే ఆవరణ ఉంటే మాత్రం ఏ జాలీ చాలదు. ముదిరిన కాయ పైనుంచి పడితే పిల్ల తాబేలు బతకదు. నీడ కోసం చెట్టు కావాలంటే ఆ చెట్టు దింపు (కాయలు దించడం) సకాలంలో జరగాలి, ఎండు మట్టలు కొట్టించాలి. ఇంకా మంచిది, ఆవరణని చెట్టు మొదలు నుంచి దూరంగా జరపడం.

రాత్రి సంగతి చిన్నది కానీ ముఖ్యమైనది. చీకటి పడేలోపు తాబేలు గూట్లోకి వెళ్లాలి, గూటికి తలుపు ఉండాలి, తలుపుకి గొళ్లెం ఉండాలి. కోతులు తిరిగే ఊళ్లలో గొళ్లేనికి చిన్న తాళం కూడా వేయండి. చెక్క గూడైతే కాళ్ల కింద ఇటుకలు పెట్టండి, లేకపోతే చెద పడుతుంది.

ఇక పందికొక్కులు. చలికాలం తెల్లవారుజామున సల్కాటా మందకొడిగా, కదలకుండా ఉంటుంది. అప్పుడు ఎలుకలు, పందికొక్కులు దాని కాళ్లు, తోక కొరుకుతాయి. పొద్దున చూస్తే రక్తపు గాట్లు ఉంటాయి కానీ రాత్రి చప్పుడేమీ వినిపించదు. మెరక పక్కన కొత్త మట్టి కుప్ప కనిపిస్తే అది కలుగే. పగలు ఆ కన్నాన్ని మట్టితో మూసి చూడండి. మర్నాటికి తెరిచి ఉంటే లోపల కాపురం ఉన్నట్టు.

ఇక్కడే చాలామంది ఎలుకల మందు తెస్తారు. వరి చేలల్లో జింక్ ఫాస్ఫైడ్, బ్రోమోడయోలోన్ నూకల్లో, నూనెలో కలిపి పొట్లాలు కట్టి కన్నాల్లో పెట్టడం మన జిల్లాల్లో అందరికీ తెలిసిన పద్ధతి. చేలో సరే, తాబేలు ఆవరణ దగ్గర వద్దే వద్దు. సల్కాటా నేల మీద పడున్న ప్రతిదాన్నీ కొరికి చూస్తుంది, కాగితం పొట్లమైనా సరే. పొట్లాన్ని ఎలుకే లాక్కొచ్చి గూడు పక్కన వదలొచ్చు కూడా. ఎలుకల బుట్టలు (ఎలుకల్ని పట్టే ఉచ్చులు) పెట్టేవాళ్లని పిలిపించండి. బుట్టలు కంచెకి బయటే పెట్టించండి, లోపల పెడితే తాబేలు మెడే అందులో పడుతుంది. అన్నిటికన్నా ముందు, సాయంత్రం మేత మిగలకుండా ఎత్తేయండి. ఆకులు, గుమ్మడి ముక్కలు రాత్రంతా పడుంటే బుట్టలు ఎన్ని పెట్టినా వృథా. మేత మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను: వరిగట్ల మీద గడ్డి కోసుకొచ్చే అలవాటుంటే, ఆ చేలో పురుగుమందు గుళికలు చల్లారా, కలుపు మందు కొట్టారా అని అడిగాకే కోయండి.

చీమల్లో కొరివి చీమలకే భయపడాలి. గుడ్డు పగలగొట్టుకుని బయటకొచ్చే పిల్ల కళ్ల మీద పడతాయి. చీమల చాక్ గీయడం, పొడి మందులు చల్లడం చేయకండి. ఆ పొడి తాబేలు పొట్టకి అంటుకుంటుంది, కాళ్ల మీద పడుతుంది, నోట్లోకి పోతుంది. పిల్లల పెట్టె కాళ్లని నీళ్ల పళ్లేల్లో పెట్టండి, మన అమ్మమ్మలు పాల గిన్నె పెట్టిన పీటకి చేసినట్టు. పుట్ట కంచెకి బయట ఉంటే మరుగుతున్న నీళ్లు పోసేయండి. లోపల ఉంటే తాబేలుని తీసి గూట్లో పెట్టాకే ఆ పని చేయండి.

ఈగలని తేలిగ్గా తీసుకోవద్దు. గాయం మీదో, పేడ అంటి తడిగా ఉన్న తోక దగ్గరో ఈగ గుడ్లు పెడితే ఒక్క రోజులోపే పురుగులు పడతాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా రోజూ ఒకసారి తాబేలుని ఎత్తి తోక కింద, కాళ్ల సందుల్లో, మెడ మడతల్లో చూడండి. పురుగులు కనిపిస్తే ట్వీజర్‌తో ఒక్కొక్కటీ తీసి, పల్చగా కలిపిన పోవిడోన్ అయోడిన్‌తో కడిగి, ఇంట్లో ఈగలు వాలని చోట పెట్టి, అదే రోజు పశువైద్యుడికి చూపించండి. పశువులకి పోసినట్టు టర్పెంటైన్ పోయకండి. ఇక్కడ ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి: ఐవర్‌మెక్టిన్ తాబేళ్లకి ప్రాణాంతకం. గేదెలకి, కుక్కలకి పురుగులకీ గోమార్లకీ రోజూ వాడే మందు కాబట్టి, తాబేళ్లని ఎప్పుడూ చూడని ఆసుపత్రిలో అలవాటు మీద సూది వేసే ప్రమాదం ఉంది. మీరే ముందు చెప్పండి, "డాక్టరు గారూ, తాబేలండీ, ఐవర్‌మెక్టిన్ వద్దండీ" అని. చెప్పడానికి మొహమాటపడకండి.

గోమారి ఒకటీ అరా కనిపిస్తే చర్మానికి ఆనించి ట్వీజర్‌తో పట్టుకుని తిన్నగా లాగండి. కిరసనాయిలు, అగ్గిపుల్ల పనికిరావు.

పాములు తాబేలుని వెతుక్కుంటూ రావు. వరద నీరు లంకల్ని ముంచినప్పుడు, కాలవలు పొంగినప్పుడు ఎత్తు కోసం వస్తాయి. మీ గూడే ఆ ఎత్తు. అందుకని వానాకాలంలో గూట్లో చెయ్యి పెట్టే ముందు టార్చి వేసి చూడడం అలవాటు చేసుకోండి. పాము కనిపిస్తే కర్ర తీయకండి, పాములు పట్టేవాళ్లకో అటవీ శాఖకో కబురు చేయండి. ముంగిస, ఉడుము, నక్క, కోరంగి మడ అడవుల వైపు తిరిగే బావురుపిల్లి, వీటన్నిటికీ చట్టం రక్షణ ఉంది. ఉచ్చులు పెట్టడం, విషం పెట్టడం మన పని కాదు. లోపలికి రాకుండా చూసుకోవడం వరకే మన పని. తీరంలో సముద్రపు తాబేళ్ల గుడ్లని కుక్కలు, నక్కలు తవ్వకుండా అటవీ శాఖ వాళ్లు చేసేదీ ఇదే: గుడ్లని ఏరి తెచ్చి కంచె వేసిన చోట పొదిగిస్తారు.

మనుషుల సంగతి రెండు ముక్కల్లో. ఇరవై గోళ్ల తాబేలు అదృష్టమనీ, లక్షలు పలుకుతుందనీ చెప్పే మోసగాళ్లు ఇంకా తిరుగుతున్నారు. మీ తాబేలు ఫొటో ఊరి పేరుతో సహా ఫేస్‌బుక్‌లో పెట్టకండి. నమోదు కాగితం ఇంట్లో భద్రంగా ఉంచండి.

ఈ వారం పని: ముగ్గు గుర్తుల బొమ్మలు, జాలీ చుట్టూ కాలితో తన్ని చూసి వదులుగా ఉన్నచోట్ల మీద గుర్తులు, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి టార్చి వేసుకుని ఆవరణ చుట్టూ తిరగడం. అడుగులన్నీ కంచె బయటే ఆగిపోతున్నాయని తేలాక తాబేలుని దించండి. మొదటి కొన్ని రోజులు పగలు మాత్రమే, మీరు దగ్గర ఉన్నప్పుడే. వచ్చే పాఠం ముసురు రోజుల గురించి: ముక్కు కారడం, డిప్ప మెత్తబడడం, గూట్లో వెచ్చదనం. దానికి తాబేలు బరువు వారం వారం రాసి పెట్టుకుని ఉండాలి, కాబట్టి గ్రాముల్లో చూపించే త్రాసు ఒకటి సంపాదించండి.