షుగర్ ఎందుకు పెరుగుతోంది? మీ ఇంటి లెక్క మీరే వేసుకొనే పద్ధతి

పెళ్లి బంతిలో ఓళిగ వడ్డించబోతే ఆకు మీద చేయి అడ్డం పెట్టి ‘షుగరుంది, వద్దు’ అనేవారు అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో ఇప్పుడు ప్రతి వరుసలోనూ కనిపిస్తారు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో దేశమంతటా జరిగి, 2023లో వెలువడిన అధ్యయనం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందనీ, మరో 13.6 కోట్ల మంది దాని గడప దగ్గర నిలబడి ఉన్నారనీ అంచనా వేసింది. పెద్దవారిలో పట్టణాల్లో 16.4 శాతం మందికి, పల్లెల్లో 8.9 శాతం మందికి ఈ జబ్బు ఉందని కూడా అదే అధ్యయనం తెలిపింది. పల్లెల్లోనే వందకు తొమ్మిది మంది దాకా ఉన్నప్పుడు, ఇది కూర్చుని తినే కలవారి జబ్బు అన్న పాత మాటను ఇక వదిలిపెట్టాలి.

దేశంలో జబ్బును పెంచుతున్న కారణాలే మన ఇళ్లలోనూ పనిచేస్తున్నాయి. అవి మీ ఇంట్లో ఎంతమేరకు ఉన్నాయో కొలుచుకొనే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. దర్జీ వాడే టేపు, ఒక నోటుపుస్తకం, ఇంటి పెద్దల ఆరోగ్యం గురించి తెలిసినవారు ఒకరు ఉంటే చాలు. నేను చెప్పేది పెద్దవారిలో నెమ్మదిగా వచ్చే టైప్ 2 మధుమేహం గురించి మాత్రమే. పిల్లలు అతిగా నీళ్లు తాగుతూ, మాటిమాటికీ మూత్రానికి వెళుతూ, తిన్నా చిక్కిపోతూ ఉంటే అది టైప్ 1 కావచ్చు. అప్పుడు ఏ లెక్కలూ వేయకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకొని పోవాలి.

ముందుగా జబ్బు నడిచే తీరు తెలియాలి. తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది, క్లోమం నుంచి వచ్చే ఇన్సులిన్ దానిని కండరాల్లోకీ కాలేయంలోకీ చేరవేస్తుంది. కండరాలు పనిచేస్తున్నంత కాలం అవి గ్లూకోజును నిల్వ చేసే పెద్ద గాదెల వంటివి. పని తగ్గి, పొట్ట లోపలా కాలేయంలోనూ కొవ్వు పేరుకొన్నప్పుడు ఆ గాదెల తలుపులు ఇన్సులిన్‌కు సులభంగా తెరుచుకోవు. ఆ లోటును పూడ్చడానికి క్లోమం ఏళ్ల తరబడి మరింత ఇన్సులిన్ తయారుచేసి, కొందరిలో చివరికి చేయలేకపోతుంది. పరీక్షలో చక్కెర ఎక్కువగా కనబడే రోజు ఈ కథలో చాలా ఆలస్యంగా వస్తుంది. కాబట్టి ‘తీపి తిన్నందుకు వచ్చింది’ అనుకోవడం సగం మాట కూడా కాదు.

మా నాన్న మెట్ట భూమిలో వేరుశనగ పండించిన రైతు. ఆయన బరువు ఏనాడూ 60 కిలోలు దాటలేదు, తీపి మీద ఆశ కూడా లేదు. కాలి వేలి మీద పుండు నెల దాటినా మానకపోవడంతో పరీక్ష చేయిస్తే షుగరని తేలింది. సన్నటి మనిషికి ఇది ఎట్లా వచ్చిందని ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోయాము. పుణెకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ పరిశోధనల గురించి తెలుసుకొన్నాక నాకు జవాబు దొరికింది. ఆయనా, ఒక బ్రిటిష్ వైద్యుడూ పక్కపక్కన నిలబడిన చిత్రాన్ని 2004లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. ఎత్తును బట్టి చూస్తే ఇద్దరి బరువు సూచికా 22.3 మాత్రమే. కానీ శరీరంలో కొవ్వు బ్రిటిష్ వైద్యునికి 9.1 శాతం ఉండగా, యాజ్ఞిక్ గారికి 21.2 శాతం ఉంది. పుట్టిన బిడ్డల్లో కూడా ఆయన బృందం ఇదే చూసింది. పుణె పరిసర పల్లెల బిడ్డలు సగటున 2.7 కిలోలు, ఇంగ్లండు బిడ్డలు 3.5 కిలోలు ఉన్నా, మన బిడ్డల్లో తగ్గినది ప్రధానంగా కండ, అవయవాల బరువే కాని కొవ్వు అంతగా తగ్గలేదు. గర్భంలో తిండి చాలక పుట్టిన బిడ్డకు పెద్దయ్యాక తిండి పుష్కలంగా దొరికితే ఈ జబ్బు ముప్పు ఎక్కువన్నది పరిశోధకుల మాట. తరాల తరబడి కరువులు చూసిన సీమకు ఈ మాట ఎంత దగ్గరిదో ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

టేపుతో మొదలు

అందువల్ల తూకం యంత్రాన్ని నమ్ముకోవద్దు, నడుము కొలవండి. పరగడుపున, చొక్కా తొలగించి నిలబడి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యన టేపును నేలకు సమాంతరంగా చుట్టాలి. ఊపిరి మామూలుగా వదిలిన తరువాత, పొట్టను లోపలికి బిగించకుండా, టేపు ఒంటిని ఒత్తకుండా చూసి అంకె రాసుకోవాలి. ప్యాంటు సైజును లెక్కలోకి తీసుకోకూడదు, ఎందుకంటే చాలామంది ప్యాంటును పొట్ట కిందికి కడతారు. భారతీయులలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

ఇప్పుడు చెన్నై పరిశోధకులు 2005లో రూపొందించిన భారతీయ మధుమేహ ముప్పు లెక్క వేయండి. వయసు 35 లోపైతే సున్న, 35 నుంచి 49 వరకు 20, ఆ పైన 30. నడుము మగవారికి 90 నుంచి 99, ఆడవారికి 80 నుంచి 89 ఉంటే 10, అంతకు మించితే 20. క్రమం తప్పని వ్యాయామమూ ఒళ్లు వంచే పనీ రెండూ ఉంటే సున్న, ఏదో ఒకటి ఉంటే 20, రెండూ లేకుంటే 30. తల్లిదండ్రులలో ఒకరికి షుగర్ ఉంటే 10, ఇద్దరికీ ఉంటే 20. మొత్తం 60 గాని అంతకు మించి గాని వస్తే ముప్పు ఎక్కువ.

అనంతపురంలో బట్టల అంగడి నడిపే 42 ఏళ్ల మనిషిని ఊహించుకొందాం. వయసుకు 20, నడుము 94 కనుక 10, రోజంతా కూర్చోవడానికి 30, తల్లికి షుగర్ ఉన్నందుకు 10, మొత్తం 70. వయసునూ తల్లినీ ఆయన మార్చుకోలేడు. రోజూ నడక అలవరచుకొని, నడుమును 90 లోపలికి తెచ్చుకొంటే లెక్క 50కి దిగుతుంది. మారేవేవో మారనివేవో విడదీసి చూపడమే ఈ లెక్కలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది.

పనీ, పళ్లెమూ

నోటుపుస్తకంలో మూడు వరుసలు గీసి అవ్వాతాతలు, తల్లిదండ్రులు, మీరు ఒక మామూలు రోజున చేసిన ఒంటి పనులను రాయండి. మా ఇంటి మొదటి వరుసలో కపిలతో నీళ్లు తోడడం, ఇసుర్రాయి విసరడం, రోకలి పోటు, సంతకు నడక ఉన్నాయి. మూడో వరుసలో బైకు, కుర్చీ, ఫోను మిగిలాయి. చీనీ తోటకు డ్రిప్పు పెట్టి, సెల్‌ఫోనుతోనే మోటారు ఆన్ చేసే రైతుకు కూడా పాత శ్రమ లేదు. శ్రమ తగ్గడం మంచిదే, ఆ రోజులు మళ్లీ రావాలని నేను కోరను. కానీ శ్రమతో పాటు తగ్గవలసిన అన్నం తగ్గలేదు.

అన్నం లెక్క తేలికే. నెలకు ఇంట్లో ఖర్చయ్యే బియ్యాన్ని తలకు పంచండి. నలుగురు పెద్దవారికి 40 కిలోలైతే ఒక్కొక్కరికి రోజుకు 330 గ్రాముల పైమాటే, అంటే బియ్యం నుంచే దాదాపు 1,200 కేలరీలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనల ప్రకారం రోజుకు 2,000 కేలరీలు చాలినవారికి బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు ఉండాలి. మన ఇళ్లలో మొదటి అంకె దాటిపోతుంది, చివరి రెండూ అందవు.

సీమలో ఒకప్పుడు సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం రోజువారీ తిండిగా ఉండేవి, వరి అన్నం పండుగ తిండి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చాక పేదవారి ఆకలి తీరింది, అది చిన్న మేలు కాదు. దానితో పాటే తెల్ల అన్నం మూడు పూటలా పళ్లెంలో కూర్చుంది. 100 గ్రాముల తెల్ల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు, పీచు 3 గ్రాముల లోపు ఉంటే, రాగుల్లో పిండిపదార్థం 67, పీచు 11 గ్రాములు ఉంటాయి. తేడా ఉంది కాని, రాగి మందు కాదన్న సంగతి కూడా ఈ అంకెలే చెబుతున్నాయి. మెత్తటి పిండితో, బియ్యం కలిపి, పిడికిలి మించిన ముద్దలు రెండు తింటే సంగటి కూడా చక్కెరను పెంచుతుంది. ఒక్క ముద్దకు ఆకుకూర పప్పో, ఉలవచారో, గుడ్డో, కోడికూరో తోడై, ముందుగా కూరగాయలు తిన్నాక ముద్ద తింటే చక్కెర పెరుగుదల నెమ్మదిస్తుంది. ఉదయం ఉగ్గాని, బజ్జీ తినేవారు బొరుగులు కూడా బియ్యమేనని గుర్తుంచుకోవాలి. దాన్ని వారానికి ఒకసారికి పరిమితం చేసి, మిగతా రోజుల్లో పెసరట్టు గాని, కూరతో జొన్నరొట్టె గాని తినడం మేలు. తిన్న తరువాత పది పదిహేను నిమిషాలు నడవడం ఖర్చు లేని ఉపాయం. వారంలో మొత్తం 150 నిమిషాల చురుకైన నడకకు తోడు, రెండు రోజులైనా బరువులెత్తే పని ఉంటే కండ నిలుస్తుంది.

పరీక్ష

లెక్క 60 గాని అంతకు మించి గాని వచ్చినవారూ, 30 ఏళ్లు నిండిన ప్రతివారూ రక్తపరీక్ష చేయించుకోవాలి. ఈ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. ఎనిమిది గంటలు ఏమీ తినకుండా ఇచ్చిన రక్తంలో డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు గాని, 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటల తరువాత 200 గాని, రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం గాని ఉంటే, లేదా అవి దాటితే మధుమేహమే. లక్షణాలు లేనప్పుడు మరొకసారి పరీక్షించి నిర్ధారించుకోవాలి. రక్తహీనత ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ తప్పు చూపవచ్చు కనుక, రక్తహీనత ఎక్కువగా కనిపించే ఆడవారు పరగడుపు పరీక్షను కూడా చేయించుకోవాలి. గర్భిణులు మొదటి పరీక్షలో బాగున్నా 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ చేయించుకోవాలి. ఆ సమయంలో చక్కెర పెరిగిన తల్లికీ బిడ్డకూ తరువాత ఈ జబ్బు వచ్చే ముప్పు ఎక్కువ. ఒక తరం నుంచి ఇంకొక తరానికి జబ్బు పాకే దారుల్లో ఇది ఒకటి.

పరగడుపున 100 నుంచి 125 మధ్య వచ్చినవారు ‘ఇంకా రాలేదు’ అని ఊరుకోకూడదు. చెన్నైలో ఇటువంటి గడప మీది మనుషులతో జరిపి, 2006లో ప్రచురించిన అధ్యయనంలో మూడేళ్లలో ఏ మార్పూ చేయించని వర్గంలో 55 శాతం మందికి జబ్బు వచ్చింది, తిండి, నడక మార్చుకొన్న వర్గంలో 39 శాతం మందికి వచ్చింది. జాగ్రత్త పడినవారిలో కూడా కొందరికి రావడం చూసి నిరాశపడవద్దు, వందలో పదహారు మంది తప్పించుకొన్నారు. గడప మీద ఉన్నవారు ఏడాదికొకసారి, అంతా బాగున్నవారు మూడేళ్లకొకసారి పరీక్ష చేయించుకోవాలి.

ఇప్పటికే మాత్రలు వాడుతున్నవారు అన్నం తగ్గించి, నడక పెంచే ముందు డాక్టరుతో ఆ సంగతి చెప్పాలి. కొన్ని రకాల మాత్రలు, ఇన్సులిన్ అదే మోతాదులో కొనసాగితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు పట్టి, చేతులు వణికితే వెంటనే మూడు చెంచాల చక్కెరను నీళ్లలో కలిపి తాగి, పావుగంట తరువాత మళ్లీ పరీక్షించుకోవాలి. మాత్రను సొంతంగా మానవద్దు. మా నాన్న రెండు నెలలు మానిన ఫలితంగానే ఆ కాలి వేలిని పోగొట్టుకొన్నారు.